బావగారి ఆవిరి పొదుపు

మా బావ చక్కెర ఫ్యాక్టరీలో ఇంధన పొదుపు అధికారి. అంటే, ఆఫీసులో లైట్లు ఆర్పుతాడు. గేటు పక్కనే ఆవిరి గొట్టం ఏళ్ల తరబడి బుస్సుమని కారుతున్నా తల తిప్పుకుని పోతాడు. పొదుపంతా ఇంట్లోనే. నడి ఎండాకాలంలో ఫ్యాను వేస్తే “కరెంటు దండగ” అంటాడు. మా అక్క చెమటలు కక్కుతూ పాత పేపరుతో విసురుకుంటుంటే నాకు ఒళ్లు మండేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, ఇంట్లో పెళ్లాన్ని ఉడకబెట్టమన్నారా?

ఈ ఏడు ఫ్యాక్టరీలకిచ్చే పొదుపు షీల్డు తనదేనని బావ ముందే ఇంట్లో హాలు గోడకి మేకు కొట్టాడు. షీల్డు వస్తే ప్రమోషన్, రాకపోతే రిటైరయ్యేదాకా అదే కుర్చీ.

షీల్డు కోసం పరిశీలకులు వచ్చిన రోజు, మీటరులో ఆవిరి వాడకం తక్కువగా కనబడాలని, పాకం వండే పెద్ద పాత్రకి ఆవిరి ఆపించాడు. సగం ఉడికిన పాకం చల్లారితే గడ్డకడుతుందని అక్కడ ఊడ్చేవాడికి కూడా తెలుసు. బావకీ తెలుసు.

“కాసేపేగా! నేనొచ్చి చెప్పేదాకా వాల్వు మీద ఎవడైనా చెయ్యేశాడో, ఊరుకోను!” అని పాకం మేస్త్రీని బెదిరించి, పరిశీలకుల్ని మీటింగు హాలుకి తీసుకెళ్లాడు.

అక్కడ మైకు దొరికింది. ఇంకేముంది! పొదుపు మీద ఉపన్యాసం అందుకున్నాడు మహానుభావుడు. పాత్ర దగ్గర మేస్త్రీకి కాళ్లు నిలవడం లేదు. స్టోర్సులో పనిచేసే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

“మీ బావగారే కదండీ, మీరైనా చెప్పండి. పాకం బిగుసుకుపోతోంది!”

నేను మీటింగు హాలు గుమ్మంలో నిలబడి, ఆపమని రెండు చేతులూ ఊపాను. చప్పట్లు కొట్టమంటున్నాననుకుని ముందు వరసవాళ్లు కొట్టారు. బావ పొంగిపోయి మళ్లీ మొదటినుంచీ అందుకున్నాడు.

ఉపన్యాసం అయ్యేసరికి పాత్రలో పాకం బండరాయి. దాన్ని కరిగించడానికి బాయిలరును ఎగదోశారు. అయినా ఆవిరి చాలక పక్కనున్న ఇథనాల్ ప్లాంటు ఆపి, దాని ఆవిరి కూడా ఇటు మళ్లించారు. మీటరు ముల్లు పైకెక్కుతుంటే పరిశీలకులు వరసగా నిలబడి చూశారు.

“దీన్ని పొదుపంటారాండీ?” అన్నాడొకాయన మెత్తగా.

“మీటరు పాడైందండి” అన్నాడు బావ. ఛీ, సిగ్గూ ఎగ్గూ ఉండాలి!

షీల్డు ఇంకో ఫ్యాక్టరీకి పోయింది. ఆ కబురు తెలిసిన సాయంత్రం బావ హాల్లో కూలబడ్డాడు. అక్క ఆ మేకుకి తన గొడుగు తగిలించి, ఫ్యాను వేసింది, ఫుల్లు స్పీడులో. బావ స్విచ్చు వైపు చూసి నోరు తెరిచాడు.

“ఏంటండీ?” అంది అక్క.

“ఏం లేదు” అన్నాడు బావ.

నేను కూడా కుర్చీ ఫ్యాను కిందకి లాక్కున్నాను.