నాలుగో బొమ్మ

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా, ఆ రోజు పేజీలో వాన గురించి మాత్రమే రాసుకున్నాను. ఇటిక్యాల దగ్గరి ఒక ఊళ్లో ఒకామె గుండెకు నాలుగు బొమ్మలు తీయాల్సి ఉండగా మూడే తీసి, నాలుగో గడిలో "స్పష్టంగా రాలేదు" అని రాశాను. అది అబద్ధం. నేను తీయలేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో జరిగే ఒక గుండె జబ్బుల పరిశోధనలో నాది ఊళ్లు తిరిగే ఉద్యోగం. సంచిలో పట్టే చిన్న స్కానింగ్ మిషను, టాబ్లెట్, జెల్ సీసాలు. కొట్టుకుంటున్న గుండె బొమ్మలు తీసి హైదరాబాద్‌కు పంపితే అక్కడి డాక్టర్లు చూస్తారు. వాళ్లు గుర్తుపట్టినట్టే గుర్తుపట్టడం కంప్యూటర్‌కు కూడా నేర్పుతున్నారు. పెద్ద దవాఖాన దాకా పోలేని వాళ్లకు ఊళ్లోనే జబ్బు బయటపడాలని. వినడానికి బాగానే ఉంటుంది. నాకు మిగిలేది మాత్రం బస్సులు, భుజం నొప్పి, "ఎడమ పక్కకు తిరగండి, ఊపిరి బిగపట్టండి" అని సాయంత్రం దాకా అదే మాట.

నాలుగో బొమ్మకు మిషనును ఎడమ రొమ్ము కింద ఆనించాలి. రవిక విప్పమని అడగాలి. బస్సులో పక్క సీటామెను కాస్త జరగమని అడగడానికే నాకు నోరు రాదు.

ఆమె విత్తన పత్తి చేలల్లో కూలికి పోతుంది. నలభై ఏళ్లుంటాయి. బడి గదికి చీర అడ్డం కట్టి బల్ల వేశాం. బడి మెట్లెక్కినందుకే ఆయాసపడుతోంది. రవికకు హుక్కులు ఊడిపోయి, వరసగా పిన్నీసులు పెట్టుకుంది. మొదటి మూడు బొమ్మలూ రవిక అటూ ఇటూ జరిపి ఎలాగో తీశాను.

"ఏంది బిడ్డా, ఉన్నదా నా గుండె?" అని నవ్వింది.

చీర అవతల వరసలో ఉన్నవాళ్లు తొందరపెడుతున్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. టాబ్లెట్ మీది నుంచి కళ్లు ఎత్తకుండానే, "చాలక్కా, అయిపోయింది" అన్నాను. ఆమె ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత లేచి కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మూడు వారాలకు హైదరాబాద్ నుంచి కబురొచ్చింది. ఈ నంబరు మనిషి గుండె కవాటం మీద అనుమానంగా ఉంది, నాలుగో బొమ్మ లేకుండా తేల్చలేం, రాదంటే పక్కన పెట్టేస్తాం అని. సరే అని ఒక్క మాట రాస్తే అయిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. వనపర్తి బస్సులో పాత పేపరు అట్ట వేసుకున్న నవల తెరిచి, దిగేదాకా ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమెను వెతుక్కుంటూ చేనికి పోయాను. ఆడవాళ్లు మగ పూలు తెంచి ఆడ పూలకు రుద్దుకుంటూ సాళ్లలో సాగుతున్నారు. నా సంచి చూసి ఒకామె కేకేసింది. "ఓ మేడం, మా మేస్త్రిది జర సూడరాదు, గుండె ఉన్నదో లేదో ఎరకైతది!"

"నీ నోట్లె మన్ను వడ, పూలు రుద్దు," అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు.

నేను వెతుక్కుంటూ వచ్చినామె నవ్వబోయి దగ్గింది. "ఎండెక్కితే పువ్వు పట్టదు బిడ్డా. జర ఆగు, వస్త."

గట్టు మీద కూర్చుని చూశాను. నాలుగు చెట్లకోసారి నడుము మీద చెయ్యి వేసుకుని ఆగుతోంది. ఊపిరి అందాక మళ్లీ వంగుతోంది. ఈ మూడు వారాలూ ఇలాగే చేసి ఉంటుంది.

మధ్యాహ్నం బోరు మోటారు గదిలోకి తీసుకెళ్లి, "అక్కా, రవిక విప్పాలె" అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. ఆమె తలుపు మూసి విప్పింది. తెర మీద, బాగా తెరుచుకోవాల్సిన కవాటం సన్నని సందు ఇచ్చి ఆగిపోతోంది.

"ఏమున్నది బిడ్డా?"

చూసింది చెప్పకూడదని మాకు నియమం. "డాక్టర్లు చెప్తరక్కా," అన్నాను.

బొమ్మ చూసిన డాక్టర్లు ఆమెను వెంటనే హైదరాబాద్ పంపమన్నారు. కవాటం వెడల్పు చేయాలట, ఆలస్యం వల్ల ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో అక్కడ చూస్తేగాని చెప్పలేమన్నారు. ఆ తర్వాత మా పని నాగర్‌కర్నూల్ వైపు మారింది. ఇప్పుడు నాలుగో బొమ్మకు ప్రతి మనిషినీ అడుగుతున్నాను, ప్రతిసారీ చెవులు కాలుతూనే ఉన్నాయి. ఆమె ఇచ్చిన ఫోన్ నంబరు పక్కింటివాళ్లది. ఎవరూ ఎత్తడం లేదు.

ఆమెను చివరగా చూసింది గద్వాల బస్టాండులో. ఆడబిడ్డతో కలిసి హైదరాబాద్ బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదిలేలోపు నిజం చెప్పేద్దామని, "అక్కా, మొదటిసారి నేను..." అని ఆగిపోయాను. ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది.

"గా దినం మూడు పిన్నులు ఇప్పిన బిడ్డా. నువ్వే సూడకపోతివి."