బావి మీది బదనిక

పెళ్లయిన కొత్తలో జరిగింది. ప్రొద్దుటూరులో మాది బట్టల దుకాణం. చెట్ల కొమ్మల మీద మొలిచే బదనికను తెచ్చి దేవుడి పటం దగ్గర పెడితే వ్యాపారం కలిసొస్తుందని మా ఆయన నమ్మకం. పులివెందుల దగ్గర ఒక చీనీ బత్తాయి తోటలో, బావి మీదికి వంగిన మామిడికొమ్మపై అది గుబురుగా కనిపించింది. ఆయన వెంటనే చెట్టెక్కారు.

"ఆ కొమ్మ మీదికి పోవద్దప్పా! దాని సారమంతా బదనికే తాగేసిండాది, బలం ల్యాదు!" అని తోట రైతు అరిచాడు.

అప్పటికే కాలు మోపారు. ఫెళ్లుమంది. భయంతో కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన పై కొమ్మ పట్టుకుని వేలాడుతున్నారు. రైతు పరుగున నిచ్చెన వేసి దించాడు.

బావిలోకి తొంగిచూశాను. విరిగిన కొమ్మకు ఒక్క మామిడాకు లేదు. బదనిక మాత్రం నిగనిగలాడుతోంది. ఆ పచ్చదనం దానిది కాదని అప్పుడు తెలిసింది.