వేళ్ల గుంటలున్న కప్పు

ఆమె జాకెట్లు కుట్టే దర్జీ. సెలవు రోజున మాత్రం మిషను మీద గుడ్డ కప్పేసి, పెరట్లోని రేకుల గదిలో మట్టి పిసుక్కుంటూ కూర్చుంటుంది. "ఉన్న పని చాలనట్టు ఇదొకటి" అని ఆడపడుచు దెప్పుతుంది గానీ, ఆ మాట ఆమె చెవికెక్కితే కదా. నీలం అంటే ఆమెకు ప్రాణం. గాజుపూత గిన్నెలో ఉన్నప్పుడు ఉత్తి బూడిద నీళ్లు. కుండలు కాల్చే కరెంటు ఆవంలో కాలి చల్లారాకే అది నీలమవుతుంది. ఆ రంగు ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకు ఇన్నేళ్లయినా అంతుపట్టలేదు, పట్టాలనీ లేదు.

ఈ కప్పు భర్త కోసం. లారీ నడిపిన మనిషి. పోయిన ఏడాది పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడిప్పుడే వేళ్లు కదులుతున్నాయి. నున్నటి కప్పు పట్టు చిక్కదు, ఆమె పట్టుకుని తాగించాలి. అందుకే ఆయన సగంలోనే "చాలు" అనేస్తాడు. టీ అంటే పడిచచ్చే మనిషి నోట ఆ మాట వింటే ఆమెకు ఏడుపొస్తుంది.

పచ్చిమట్టి కప్పు మీద ఆయన వేళ్లు ఆనించి, పైనుంచి తన చేత్తో అదిమి గుంటలు చేసింది. ఇలాంటిదే ఇదివరకు ఒకటి చేసింది. నీలం మీద ఆశ కొద్దీ పూతలో మళ్లీ మళ్లీ ముంచింది. గుంటలన్నీ పూడిపోయి కప్పు అద్దంలా జారింది. ఆయన మళ్లీ సగంలోనే చాలన్నాడు.

ఈసారి కప్పు ఆరాక పూతలో ఒక్కసారే ముంచి, తడిగుడ్డ తీసుకుంది.

"గుంటల్లో పూత తుడిచేస్తానండీ."

"నీ నీలం పోతుందేమో."

"పోతే పోయింది."

ఆవం వేడెక్కింది. తలుపులోని చిన్న కంతలోంచి నారింజ వెలుగు గోడ మీద పడి మెల్లగా ఊగింది. వెచ్చదనానికి ఆమె కళ్లు మూతలు పడ్డాయి. వాన వెలిసిన రోడ్డు, ఆకాశం ఒకే నీలంలో కలిసిపోయాయి. ఆయన స్టీరింగు పట్టుకుని తనలో తాను నవ్వుకుంటున్నాడు. లారీ చప్పుడు కూడా చెయ్యకుండా పోతోంది. ఎక్కడికని ఆమె అడగలేదు, అడగబుద్ధి కాలేదు.

మెలకువ రాగానే చెయ్యి ఆవం గడియ మీదికి పోయింది.

"ఆత్రగాడికి బుద్ధి మట్టు. కూర్చో" అన్నాడాయన.

బాగా చల్లారాక తీశారు. నీలం అంచు దగ్గరే నిలిచింది, కిందికి పోయేకొద్దీ పలచబడింది. గుంటలు మాత్రం గరుకుగా, ఇటుకరంగులో ఉన్నాయి. ఆమె మనసు చివుక్కుమంది.

"రంగు రాలేదండీ."

ఆయన కప్పు అందుకున్నాడు. ఒక్కో వేలినీ దాని గుంటలో సర్దుకుంటున్నాడు. ఆమె టీ పోసి, జారితే పట్టుకుందామని కింద రెండు చేతులూ చాపి కూర్చుంది. కప్పు వణికింది గానీ జారలేదు. ఆయన అడుగు దాకా తాగి, కప్పు ఆమె ముందుకు చాపాడు.

"ఇంకొంచెం పొయ్యి."