మా క్లౌన్ చేపకు జోడీ చూసిన రోజులు

మా హాల్లో ఉప్పునీళ్ల ట్యాంకు ఒకటుంది. అందులో ఐదేళ్లుగా ఉంటున్న నారింజ రంగు క్లౌన్ చేపకు మొన్న ఎండాకాలంలో జోడీ పోయింది. అప్పటినుంచి అది ఒక మూలకు చేరి, వేసిన మేతలో సగం కూడా తినడం లేదు. పిల్లలు లేని ఇల్లు మాది. పొద్దున లేవగానే నన్ను చూసి గాజు దగ్గరికి వచ్చే ప్రాణం అదొక్కటే. అదీ పోతుందేమోనని నాకు బెంగ పట్టుకుంది.

ఒక ఆదివారం మా ఆయన్ని వెంటబెట్టుకుని నారాయణగూడ సందులోని చేపల దుకాణానికి వెళ్లాను. మా ట్యాంకు పెట్టించింది ఆ దుకాణాయనే.

"మీది ఇప్పుడు ఆడదక్కా. ఈ చేపలన్నీ మగయిగనే పుడ్తయి. జోడీల పెద్దది ఆడదైతది, చిన్నది మగదిగనే ఉంటది. గందుకే జర చిన్నది తీస్కపో," అంటూ నా బొటనవేలి సగమంత ఉన్న పిల్ల చేపను చూపించాడు.

నాకు ఒళ్లు మండింది. మా వాళ్లలో సంబంధం అనగానే ముందు అడిగేది అబ్బాయి ఎత్తు. ఇంత చేపకు అంత పిసరు మొగుడా అనుకున్నాను. పక్క ట్యాంకులో మాదానికంటే కాస్త పెద్దదే ఒకటి దర్జాగా తిరుగుతోంది. అదే కావాలన్నాను.

"గది వద్దక్కా. అది గూడ ఆడదే. రెండు పెద్దయి ఒక్కకాడ ఏస్తే సచ్చేదాక కొట్లాడ్తయి."

"మగవాడు పెళ్లాం పక్కన చిన్నపిల్లాడిలా ఉంటే ఏం బాగుంటుంది? చూసేవాళ్లు నవ్వరూ?" అన్నాను.

అన్న తర్వాత గానీ పక్కన ఎవరున్నారో గుర్తుకు రాలేదు. మా ఆయన నాకంటే రెండంగుళాలు పొట్టి. ఆయన నా వైపు చూడలేదు. దుకాణాయన ఆ పెద్ద చేపను నీళ్లతో కట్టి అయిష్టంగానే ఇచ్చిన కవరు అందుకుని బయటికి నడిచారు. నాలుక కరుచుకున్నాను గానీ, అన్నమాట వెనక్కి తీసుకోవడం నాకు పుట్టుకతోనే రాదు.

ఆ రెండంగుళాల మీదే మా సంబంధం తప్పిపోబోయింది. చివరికి ఒప్పుకున్నాక మా అమ్మ నాకు చెప్పిన బుద్ధి ఒకటే: ఫోటో తీసేటప్పుడు మోకాళ్లు కాస్త వంచు, చీరలో కనబడదు. పెళ్లి ఫోటోలో ఆయన పీట మీద నిలబడి ఉంటారు. ఆ పీట కూడా మా అమ్మే వేయించి ఉంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ ఫోటో మా ట్యాంకు పైన గోడకే ఉంది.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డులో ఆటో ఆగిపోయింది. ఏదో పరీక్ష వదిలినట్టుంది, రోడ్డు నిండా పుస్తకాల సంచులు. ఆయన ఒళ్లో కవరులో నీళ్లు వేడెక్కుతున్నాయి. నేను ఎండ గురించి మాట్లాడాను, ట్రాఫిక్ గురించి మాట్లాడాను. ఆయన అశోక్ నగర్‌లో మా ఇల్లు వచ్చేదాకా కవరుకు ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

ఇంటికొచ్చి కవరును ట్యాంకులో తేలేసి, గంటసేపు గ్లాసుతో కొంచెం కొంచెం మా నీళ్లు కలిపి, కొత్తదాన్ని వదిలాను. ఒక నిమిషం రెండూ ఎదురెదురుగా ఊరికే నిలబడ్డాయి. ఆ తర్వాత కొత్తది మాదాని మూతి పట్టుకుంది. రెండూ సుడి తిరుగుతూ రాళ్ల మీద పడ్డాయి. విడిపోయాక చూస్తే మాదాని రెక్క చీలికలై వేలాడుతోంది. అది పారిపోయిన చోటికల్లా కొత్తది వెంటపడుతోంది. వల పెడితే కొత్తది రాళ్ల సందులోకి దూరుతోంది. నా చేత్తో నేనే దాన్ని చంపుతున్నానని అర్థమైంది.

"బియ్యం కడిగే బుట్ట తీసుకురా," అన్నారు మా ఆయన. దుకాణం దాటాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

ఆయన బుట్టతో నెమ్మదిగా దారి మూసి, నేను రాళ్లు పైకెత్తితే, మూడో ప్రయత్నంలో కొత్తది చిక్కింది. ఆయన దాన్ని కవరులో వేసుకుని, నన్ను రమ్మనకుండా ఒక్కరే దుకాణానికి వెళ్లిపోయారు. మాది అడుగున ఇసుక మీద పడుకుని ఊపిరి తీస్తోంది. నేను గాజుకు నుదురు ఆనించి కూర్చున్నాను. చేప బతకాలని మొక్కుకున్నాను. ఆయన ముఖం ఎలా చూడాలో మాత్రం తోచలేదు.

ఆయన తెచ్చింది ఆ పిల్ల చేపనే. చిల్లుల బుట్టలో మూడు రోజులు దాన్ని ట్యాంకులోనే తేలనిచ్చాం. మాది రెండో రోజు లేచి మేత ముట్టింది. మూడో రోజు బుట్ట కిందికి వచ్చి నిలబడింది. నాలుగో రోజు సాయంత్రం బుట్ట వంచాం. మాది దూసుకొచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను.

"చూడు," అన్నారాయన.

పిల్ల చేప పక్కకు ఒరిగి ఒళ్లంతా వణికిస్తోంది. అలా వణికితే నువ్వే పెద్ద అని ఒప్పుకున్నట్టట, దుకాణాయన చెప్పి పంపాడు. మాది ఒకసారి పొడిచి, చుట్టూ తిరిగి, ఊరుకుంది. కాసేపటికి రెండూ ఒకే మూలకు చేరాయి.

"ఆ రోజు దుకాణంలో అన్నది తప్పే," అన్నాను. "ఇన్నేళ్లూ మా అమ్మ పీట వేయించి మిమ్మల్ని చిన్నబుచ్చితే, ఇప్పుడు నేను..."

"మీ అమ్మగారు కాదు. పీట నేనే అడిగాను," అన్నారాయన, చేపల మీది నుంచి చూపు తిప్పకుండా. "నువ్వు మోకాళ్లు వంచి నిలబడ్డావు. నొప్పి పుడుతుందని."

తలెత్తి ఫోటో చూశాను. పీట ఎక్కిన ఆయన నాకంటే బాగా ఎత్తుగా ఉన్నారు. పీట వేశాక కూడా ఆ చీర కింద నా మోకాళ్లు వంగే ఉన్నాయని నాకు తెలుసు.