ఎలుగు ఏరి పెట్టిన గింజలు

మా అంగడి కందిపప్పులో రాయి దొరికిందని రాబర్ట్‌సన్‌పేటలో ఎవరైనా అంటే రేపే అంగడి మూసేస్తాను. గొప్పకు చెప్పడం కాదు. సరే, గొప్పకే చెబుతున్నాను. పదేళ్ళప్పుడు మా నాయన నా చేతికి చేట ఇచ్చాడు. అప్పటినుంచి ఏ గింజ కనపడినా నా వేళ్ళు ఊరుకోవు. పుచ్చుది ఒక పక్కకీ మెరిసేది ఇంకో పక్కకీ పోవాల్సిందే. ఈ పని ఇంత బాగా వచ్చు కాబట్టే ఒక కొండ కొంప ముంచబోయాను.

కామసముద్రం వైపు కొండల్లో అడవి కాపలా వాచరుగా పనిచేసే ఒకాయన నెలకోసారి మా అంగడికి సరుకులకు వస్తాడు. ఇల్లు ఆండర్సన్‌పేటలో. కోలారు బంగారు గని మూతపడేదాకా భూమి కింద పనిచేసి, ఆ తర్వాత అడవిలో చేరాడు. ఆయన కబుర్లన్నీ కొండవే. వానాకాలం పొద్దున పైబండల మీదికి మంచు ఎలా దిగుతుందో, ఆ తడికి బండల సందుల్లో ఏమేం మొలుస్తాయో, ఎలుగు చెదపుట్టను తవ్వి మూతి పెట్టి ఎలా జుర్రుకుంటుందో చెబుతుంటే నేను పొట్లం కట్టడం మరిచిపోయేవాణ్ణి. ఎలుగును ఆయన కరడి అంటాడు. దాని గురించి ఇంటిమనిషి గురించి చెప్పినట్టే చెబుతాడు.

రెండేళ్ళ కిందట వేసవి మొదట్లో మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“కొండకి నిప్పంటుకున్యాదప్పా. ఒక పక్కంతా బూడిదే. రేలచెట్లు శానా పోయినాయి. కరడి అడుగు యాడా కనపళ్ళేదు.”

రేలచెట్టు పసుప్పచ్చ పూలు అందరికీ తెలుసు. కాయ మాత్రం నల్లటి కర్రలా ఉంటుంది. దాన్ని పగలగొట్టి లోపలి జిగురు గుజ్జు తినే ఓపిక ఎలుగుకే ఉందట. ఆ పక్క రేల లేకపోతే అది ఇటు రాదని ఆయన దిగులు.

ఒక మూట తెచ్చి కింద పెట్టాడు. “కాలని అంచులో ఏరుకొచ్చినాను. మా ఇంటికాడ నీళ్ళు లేవు. మీ మిద్దె మీద నారు పోస్తారా? వానలకి మొక్కలుంటే నాటుకోవచ్చు. ఈ ఏడు తప్పితే ఆ పక్కంతా లాంటానా కంప కమ్ముకుంటాది. ఇంగ ఏ చెట్టునీ లెయ్యనియ్యదు.”

“గింజల సంగతి నాకు వదిలెయ్యప్పా” అన్నాను.

మిద్దె మీద మూట విప్పితే కాసిని కాయలు, దాంతోపాటు ఎండిపోయిన పెంట ఉండలు. వాటినిండా అంటుకున్న గింజలు. గని చీకట్లో పనిచేసిన మనిషి, గింజకీ పెంటకీ తేడా తెలియలేదు పాపం అనుకున్నాను. కాయలు పగలగొట్టి, కడిగి, ఆరబెట్టి, నున్నగా మెరిసే గింజలు ఒక్కొక్కటే ఏరాను. మా ఆవిడ బడి టీచరు. పక్కన నిలబడి చూసి, “పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత శ్రద్ధగా చూళ్ళేదు మీరు” అంది. పెంట ఉండలను ఎరువుగానైనా పనికొస్తాయని ఆవిడ కరివేపాకు తొట్టిలో పారేశాను.

మిద్దె నిండా మట్టి పాకెట్లు పేర్చి, రెండు పూటలా నీళ్ళు పోశాను. నెల దాటినా ఒక్కటి లేవలేదు. ఒక పాకెట్ గెలికి చూస్తే గింజ నేను పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే మెరుస్తోంది. మట్టిని తిట్టాను, నీళ్ళను తిట్టాను, పనికిరాని గింజలు తెచ్చాడని వాచరును కూడా తిట్టాను. మబ్బులు పట్టడం మొదలయ్యాక నాకు అన్నం సయించలేదు. ఆయనకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

ఆయన రానే వచ్చాడు. నేరుగా మిద్దె మీదికి తీసుకుపోయాను. ఉత్త పాకెట్లు చూసి ఆయన మొహం వాడిపోయింది. అవతల మా ఆవిడ కరివేపాకు తొట్టి దగ్గర వంగి, “ఈ కలుపు యాడ్నించి వచ్చిందో, పీకేస్తాండాను” అంటోంది.

“అమ్మా, చెయ్యి తియ్యండి!” అని ఆయన అరిచిన అరుపుకు ఆవిడ బెదిరిపోయింది.

తొట్టి నిండా ఒత్తుగా రేల మొక్కలు.

“రేలగింజ తోలు రాయప్పా. లోపలికి నీళ్ళు పోవు. కరడి కడుపులో పడొస్తేనే మెత్తబడేది. అందుకే కదా దాని పెంట వెతికి వెతికి ఏరుకొచ్చినాను.”

“ఆ ముక్క నాకు ముందే చెప్పాలి కదా!”

“గింజల సంగతి నాకొదిలెయ్యమని మీరే అంటిరి కదప్పా.”

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక కూలబడింది. నాకు ఒళ్ళు మండింది, తర్వాత నేనూ నవ్వాను. ముగ్గురం కూర్చుని వేళ్ళు తెగకుండా మొక్కలు విడదీసి, నా ఉత్త పాకెట్లలోకి మార్చాం.

వానలు పడ్డాక ఆ మొక్కలతో మొదటిసారి కొండెక్కాను. రొప్పుతూ పైకి చేరితే మంచు మొహానికి తగిలింది. బూడిదలోంచి గడ్డి అప్పుడే పచ్చగా తొంగిచూస్తోంది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నాకు ఏడుపొచ్చింది.

మొక్కలు కొన్ని పోయాయి, చాలావరకు నిలిచాయి. ఎలుగు మాత్రం రాలేదు. నెలనెలా ఆయన అంగడి మెట్టెక్కగానే “కరడి?” అని అడిగేవాణ్ణి. తల అడ్డంగా ఊపి సరుకుల చీటీ ఇచ్చేవాడు.

ఈ ఏడు శివరాత్రి దాటిన వారానికి వచ్చాడు. చీటీ ఇవ్వలేదు. మోదుగాకుల పొట్లం ఒకటి నా ముందు పెట్టాడు.

“మన మొక్కల నడాన. ఈ పొద్దున్నే. కాయలు యాడో అవతల తిని ఇటొచ్చింటాది.”

విప్పాను. ఇంకా తడి ఆరలేదు. నల్లటి పెంట, దాన్నిండా గింజలు.

కందిపప్పు కోసం నిలబడిన ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “తినే సరుకు పక్కన ఇదేందప్పా?” అంది.

“విత్తనాలమ్మా” అన్నాను.

నా వేళ్ళు వాటంతట అవే గింజల వైపు పోయాయి. వెనక్కి లాక్కున్నాను. ఆమెకు పప్పు కట్టివ్వమని వాచరుకు చెప్పి, పొట్లం ఉన్నదున్నట్టుగా పట్టుకుని మిద్దె మెట్లెక్కాను.