ఆషాఢానికి ముందు పదకొండు కాగితాలు

2023 జూన్. ఆర్మూర్‌లో పసుపు యార్డుకు వెళ్లే దారిలో నా ఆన్‌లైన్ సెంటర్ ఉంది. దరఖాస్తులు పెట్టడం, కార్డుల్లో పేర్లు, అడ్రసులు మార్పించడం నా పని. నేను చదివింది పదో తరగతి. ఫారాలు, ఆఫీసుల పద్ధతులు అన్నీ చేస్తూ నేర్చుకున్నవే. ఊరు మారే వాళ్లు వస్తే ముందు ఒక తెల్లకాగితం మీద రెండు అంకెలు వేస్తాను. ఎన్ని కాగితాలు మారాలి, ఎన్ని రోజులు పడుతుంది.

సాయిలు వచ్చినప్పుడు ఆ అంకెలు పదకొండు, నలభై. అతను పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ముల మెకానిక్. మహారాష్ట్రలో హింగోలి దగ్గర ఒక మిల్లులో ఫోర్‌మన్ పని దొరికింది. భార్య, ఆరో తరగతికి వచ్చిన కూతురు, తల్లి రాజవ్వ, అందరూ వెళ్తున్నారు. నలుగురి ఆధార్, ముగ్గురి ఓటు, గ్యాస్, కూతురి టీసీ, రేషన్ కార్డు, బండికి ఎన్‌ఓసీ. ఎన్‌ఓసీ అంటే బండిని వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేయించుకోవడానికి ఇక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే ఒప్పుదల.

"అన్నీ ఒక్కనాడే పెట్టన్నా," అన్నాడు సాయిలు. "వచ్చే శుక్రవారం మంచి గడియ ఉందని అయ్యగారు చెప్పిండు. ఆషాఢం పడితే ఇల్లు కదలొద్దు. అటెన్క పోతమంటే సేటు ఆగడు, ఇంకొకన్ని పెట్టుకుంటడు."

అన్నీ ఒక్కరోజు పెట్టేవి కావని చెప్పాను. ఆధార్, ఓటు అక్కడికి వెళ్లాక, అద్దె కాగితం చేతికొచ్చాక మార్చుకోవాలి. ఇక్కడ ముందు తెగాల్సింది రేషన్ కార్డు. పాత కార్డులోంచి పేర్లు తీసేశామని ఇచ్చే డిలీషన్ సర్టిఫికెట్ లేకుంటే కొత్త రాష్ట్రంలో కార్డు దొరకదు. పైగా దానికే ఎక్కువ రోజులు పడుతుంది. ఎక్కువ రోజులు పట్టేది ముందు పెట్టాలన్నది నా లెక్క. అందుకే సోమవారమే మొత్తం కార్డు సరెండర్‌కు పెట్టేశాను.

కార్డు ఇంట్లో పెద్ద ఆడమనిషి పేరున ఉంటుంది కాబట్టి రాజవ్వ వచ్చి వేలిముద్ర వేసింది. నల్ల అద్దాలు పెట్టుకుని ఉంది. ఏమైందవ్వా అని అడిగితే దుమ్ము పడట్లేదు బిడ్డా అంది. యార్డు దారిలో ఉన్నవాడిని, దుమ్ము మాట నమ్మడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

మరునాడు పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఆమె ఒక్కతే మెట్టు మీద కూర్చుని ఉంది.

"కొడుకా, నా కార్డు ఇంకెన్ని దినాలు పనిచేస్తది?"

ఎందుకని అడిగాను. కొంగు ముడి విప్పి ఒక చీటీ తీసింది. నిజామాబాద్‌లో కంటి ఆపరేషన్లు ఉచితంగా చేసే దవాఖానా చీటీ అది. కుడి కన్ను నెల కింద అయింది. ఎడమ కన్నుకు తారీఖు ఇచ్చారు. లెక్కపెట్టాను. వాళ్లు బయలుదేరే శుక్రవారం తర్వాత పన్నెండో రోజు. ఆ దవాఖానాలో ఆపరేషన్ రోజున రేషన్ కార్డు నంబరు కొట్టి చూస్తారు. నంబరు లేకుంటే వెనక్కి పంపుతారు. పైగా అప్పట్లో మా దగ్గర కొత్త కార్డులు ఇవ్వడం లేదు. ఒకసారి తెగితే మళ్లీ వస్తుందని చెప్పే ధైర్యం నాకు లేదు.

మొదటి కన్ను ఆపరేషన్ తర్వాత ఇక అయిపోయిందని కొడుకుతో చెప్పిందట. రెండోది ఉందంటే వాడు ఆగుతాడు. ఆగితే ఆషాఢం పడుతుంది. పడితే ఫోర్‌మన్ పని పోతుంది. ఒక కన్నుతో మనుమరాలిని చూసుకుంటే చాలనుకుంది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదని చెప్పింది.

"వానికి చెప్పకు. గట్లనే నా కన్ను పోనియ్యకు," అంది.

నేను షట్టర్ దించి ఆమెను తహసీల్ ఆఫీసుకు తీసుకెళ్లాను. దరఖాస్తు ముందు గిర్దావర్ దగ్గరికి, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వస్తుంది. విచారణ చేసి పైకి పంపేది ఆయనే. అక్కడ ఉన్నంతసేపే అది మన చేతిలో ఉన్నట్టు. ఆయన ఏదో ఊరికి పంచనామాకు వెళ్లారు. మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. ఆ మూడు గంటల్లో ఆమె తన మనుమరాలు చేసే అల్లరి పనులన్నీ చెప్పింది. నేను మాత్రం నాలో నేను తిట్టుకుంటూ ఉన్నాను. పదకొండు కాగితాలు లెక్కపెట్టినవాడిని, ఆ నల్ల అద్దాల గురించి రెండో ప్రశ్న అడగలేదు.

గిర్దావర్ వచ్చాక చీటీ చూశారు. దరఖాస్తు ఇంకా పైకి పంపలేదని, ఆమె రాసిస్తే తిరస్కరిస్తానని, మిగతా ముగ్గురి పేర్లు మాత్రం తీసేయమని మళ్లీ పెట్టుకోమని చెప్పారు. నేను రాశాను, ఆమె వేలిముద్ర వేసింది.

తీసేసే పేర్లలో అతనిదీ ఉంది కాబట్టి కొత్త దరఖాస్తుకు సాయిలు రాక తప్పదు. అవ్వకు ఆ మాటే చెప్పి ఫోన్ చేశాను. సాయిలు సెంటర్‌కు వచ్చి చీటీని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నీ కన్ను కన్న నాకు మిల్లు ఎక్కువనా అవ్వా? పోను. ఈడనే ఉంట."

"నువ్వు ఉంటే నా కన్ను జల్ది బాగైతదా?" అంది రాజవ్వ. "నువ్వు పో. పెర్కిట్‌ల మీ చిన్నమ్మ ఉండనే ఉంది. నేనూ శుక్రవారమే గడప దాటుత. మంచి గడియల మీతోనే బయల్దేరుత. పెర్కిట్ కాడ దిగుత, గంతే."

సాయిలు నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. అలాగే జరిగింది. సామాను బండి మా ఊరి పక్కనే ఉన్న పెర్కిట్‌లో ఆమె చెల్లెలి ఇంటి ముందు ఆగింది. ఆమె తన సంచి పట్టుకుని దిగింది. బండి హైవే ఎక్కింది.

ఆపరేషన్‌కు సాయిలు రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. ఆషాఢంలో ఇల్లు మారకూడదు కానీ బస్సెక్కవచ్చు కదా అన్నాడు. జూలై చివర్లో రాజవ్వ తన ఒక్క పేరుతో మిగిలిన కార్డు తెగ్గొట్టడానికి నా దగ్గరికి వచ్చింది. అద్దాలు తీసి నన్ను తేరిపార చూసింది.

"కొడుకా కొడుకా అని పిలిచిన గాని, నీకూ మస్తు తెల్లెంటికెలు వచ్చినయి గదరా," అంది.

వేలిముద్ర వేయించుకుని, దరఖాస్తు నంబరు రాసిచ్చి, బస్సు దాకా తోడు వెళ్లాను.

ఇప్పుడు ఎవరు ఊరు మారతామని వచ్చినా కాగితాలు లెక్కపెట్టడానికి ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఈ ఊళ్లో మీకు ఇంకా ఏం పని మిగిలి ఉంది? అందరినీ కలిపి కాదు, ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే, మిగతావాళ్లను కాసేపు బయట కూర్చోమంటాను.