తాడు లేని సంచి

ఆర్విల్ టెస్మర్ ఏ వస్తువు చేసినా అందులో ఒకటి తక్కువై తీరాలి. సూదిగొట్టం చేస్తే సూది ఉండదు. బెల్టు కుడితే బకిల్ ఉండదు. ఒకసారి కొవ్వొత్తులు పోసి వత్తులు పెట్టలేదు. వాటిని ఏం చేసుకోవాలో మా రాజ్యంలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

రాజ్యమంటే కంగారు పడకండి. వారమంతా మేం విస్కాన్సిన్‌లో మామూలు మనుషులమే. శని, ఆదివారాలు మాత్రం మైదానంలో గుడారాలు వేసుకుని, వెనకటి రాజుల కాలం బట్టలు తొడుక్కుని కత్తులు తిప్పుతుంటాం. మా మహారాణి మార్లిస్ సోమవారం పొద్దున్నే మళ్ళీ స్కూలు బస్సు తోలాలి. ఎవరి చేతికి వచ్చిన పని వాళ్ళు చేసి రాణిగారి పెట్టెకు కానుకగా ఇస్తాం. వాటి మీద చేసినవాళ్ళ పేరు ఉండకూడదు. ఆవిడ వాటిని అతిథులకూ కొత్తవాళ్ళకూ పంచుతుంది. ఆ పెట్టె బాధ్యత నాది. అంటే ఆర్విల్ నా ప్రారబ్ధం.

"ఈ సంచికి తాడేదయ్యా?"

"తోలు అయిపోయింది."

"నీ వెనకాల అంత కట్ట ఉందిగా!"

"అది వేరేదానికి."

"దేనికట?"

"తాడు లేని ఇంకో సంచికి."

ఆయనతో వాదించి లాభం లేదు. జీవితమంతా ఇళ్ళల్లో హీటర్లు బాగుచేసిన మనిషి. అప్పుడు కూడా ఇంటికో స్క్రూ జేబులో వేసుకుపోయేవాడేమోనని నా అనుమానం.

ఈ వేసవిలో పక్క రాజ్యం రాణి వస్తున్నట్టు కబురొచ్చింది. మార్లిస్ నన్ను పక్కకు లాగింది. "బెరిల్, ఆ ముసలాయన సంచులు చూస్తే మన పరువేం కానూ! ఆయన కంట పడకుండా తాళ్ళు కట్టెయ్యవే." రాణిగారి ఆజ్ఞ కదా, వేళ్ళు బొబ్బలెక్కేదాకా అన్నిటికీ కట్టాను.

శనివారం మధ్యాహ్నం వినిఫ్రెడ్ అని కొత్తగా ఒకావిడ వచ్చింది. భర్త పోయాక నలుగురిలోకి రావడం అదే మొదటిసారట. కొత్త గౌను మడతలు ఇంకా విడలేదు. మార్లిస్ ఆవిడను పిలిచి ఒక సంచి చేతిలో పెట్టింది. "బాగుందండీ, థాంక్స్," అని నడుముకు కట్టుకుని, బల్ల చివర ఒక్కతే కూర్చుంది. ఎవరిని ఏమని పలకరించాలో తెలియక కాసేపు సంచినే సవరించుకుంది. తర్వాత కారు తాళాలు తీసుకుని లేచింది.

ఆర్విల్ అది చూశాడు. ముందు ఆవిడ మొహం, ఆ తర్వాత సంచికున్న తాడు.

"ఎవరే దీనికి తాడు కట్టింది?" అని నా మీద అరిచి, కత్తెర పట్టుకుని పరుగందుకున్నాడు. మోకాళ్ళు మార్పించుకున్న మనిషి, నిలువుటంగీ ఎత్తిపట్టుకుని మరీ! కారు దగ్గర ఆవిడను ఆపి, తాడు కటుక్కున కత్తిరించేశాడు.

"అయ్యయ్యో! ఇదేం పనండీ?"

"పనికిమాలిన తాడమ్మా. తెగిపోతుంది."

"అదెక్కడ తెగింది? మీరే కోశారు!"

"ఎంత తేలిగ్గా తెగిందో చూశారా మరి? ఆ నీలం గుడారంలో హెస్టర్ ఉంటుంది, గట్టి తాళ్ళు అల్లుతుంది. వెళ్ళి అడగండి. నేను పంపానని మాత్రం చెప్పకండి, తిడుతుంది."

వినిఫ్రెడ్ కారు వైపు చూసింది, గుడారం వైపు చూసింది. చివరికి గుడారం వైపే నడిచింది. హెస్టర్ ఊరికే ఇచ్చే రకం కాదు, పక్కన కూర్చోబెట్టుకుని అల్లడం నేర్పింది. తాడు కొసకు పూస కావాలని పూసలు చేసేవాళ్ళ దగ్గరకు తోలింది. వాళ్ళు పూస ఇచ్చి, భోజనానికి రమ్మని చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. సాయంత్రం చూస్తే ఆవిడ బల్ల నడిమధ్యన కూర్చుని, ముడి ఎవరిది బాగుందని హెస్టర్‌తో నవ్వుతూ పోట్లాడుతోంది. కారు తాళాలు సంచిలో పడి ఉన్నాయి.

అప్పుడు వెలిగింది నాకు. కొత్తగా వచ్చినప్పుడు నాకు దక్కింది సూది లేని సూదిగొట్టం. చేసిన తలమాసినవాడెవడోనని తిట్టుకుంటూ గుడారం గుడారం తిరిగి సూది అడుక్కున్నాను. ఆ సూది ఇచ్చినవాడే ఇప్పుడు నా మొగుడు.

ఆర్విల్ పక్కన చేరాను. "అయితే ఆ వత్తి లేని కొవ్వొత్తులు కూడా ఇందుకేనా?"

"లేదు. అవి నిజంగానే మర్చిపోయాను."

మర్నాడు పొద్దున మార్లిస్ కిరీటం సర్దుకుంటూ వచ్చి గుండెలు బాదుకుంది. "పక్క రాణిగారు వచ్చే వేళకి తాళ్ళన్నీ విప్పేస్తున్నావేమే?"

"తోలు అయిపోయింది, మహారాణీ," అన్నాను.